వెండితెర - వినువీధి

మానవుడు కాలితో చేరలేని చోటికి ముందుగా మనసుతో చేరుకుంటాడు. ఆ మానసిక ప్రయాణాన్ని కళ్ళకు కట్టినట్లు చూపేవి విజ్ఞాన కల్పనా చిత్రాలు.

1902లో ఫ్రాన్సు దేశస్థుడు జార్జ్ మెలియెస్ చంద్రయాత్రను చిత్రంగా తీశాడు. అందులో మనుషులు ఫిరంగి గుండులో కూర్చుని చంద్రుని చేరతారు. 1929లో జర్మనీలో ఫ్రిట్జ్ లాంగ్ తీసిన మరో చంద్రయాత్రా చిత్రానికి హెర్మన్ ఓబెర్త్ అనే రాకెట్ శాస్త్రజ్ఞుడు సలహాదారు. రాకెట్టు లేచే ముందు అంకెలను వెనుక నుంచి లెక్కపెట్టడం ఆ చిత్రంలో కనిపిస్తుంది. నేడు శ్రీహరికోటలో వినిపించేదీ అటువంటి లెక్కే. నలభై ఏళ్ళు తిరిగేసరికి, 1969 జూలైలో, మానవుడు నిజంగానే చంద్రునిపై కాలు మోపాడు. కల ముందు నడిచింది. కార్యం దాని వెంట నడిచింది.

1972 డిసెంబరు నాటికి పన్నెండుమంది అక్కడ నడిచారు. ఆపై యాభై ఏళ్ళు గడిచినా పదమూడవ మనిషి ఆ నేలపై అడుగు పెట్టలేదు. 1966లో అమెరికా ప్రభుత్వం తన వ్యయంలో నూటికి నాలుగు వంతులకు పైగా అంతరిక్ష సంస్థకు కేటాయించింది. ఇటీవలి సంవత్సరాలలో అది అర వంతు కూడా లేదు. రష్యాతో పోటీ ముగిసింది, ఉత్సాహమూ చల్లారింది.

ఈ మార్పును 2014లో వచ్చిన 'ఇంటర్‌స్టెల్లార్' చిత్రం చక్కగా పట్టుకుంది. అందులో భూమిపై పైరులు తెగుళ్ళకు నశిస్తుంటాయి, దుమ్ము తుఫానులు చెలరేగుతుంటాయి. ఒక బాలిక చంద్రయాత్ర గురించిన పాత పుస్తకాన్ని బడికి తెస్తుంది. ఆ యాత్ర కట్టుకథ అని కొత్త పాఠ్యపుస్తకాలు చెబుతుంటాయి. బాలిక ఒప్పుకోక తోటిపిల్లలతో దెబ్బలాడుతుంది. ఆకలికి భయపడిన ఆ సమాజం, పిల్లలు తల ఎత్తి ఆకాశం చూడకుంటేనే మేలనుకుంది.

ఆకలి తీర్చడం ముఖ్యం కాదా అని కొందరు అడుగుతారు. ముఖ్యమే. కాని తుఫాను జాడను ముందే పసిగట్టి సముద్రతీర ప్రజల ప్రాణాలు కాపాడుతున్నవి ఉపగ్రహాలే కదా! అన్నం కోసం ఆకాశాన్ని వదులుకోనక్కరలేదు. అనేక అవసరాలున్న మన దేశమే 2023 ఆగస్టు 23న చంద్రుని దక్షిణ ధ్రువ ప్రాంతంలో చంద్రయాన్-3ను దించింది.

సినిమా చూసి వచ్చిన పిల్లలు "ఇది నిజమవుతుందా?" అని అడిగితే పెద్దలు నవ్వి ఊరుకోరాదు. ఆ ప్రశ్న అడిగేవారు లేకపోతే ఎంతటి రాకెట్టయినా నేలమీదే నిలిచిపోతుంది.