కదలని తెర

2019 సంవత్సరము నవంబరు నెలలో మా యింటి కంప్యూటరు మమ్ము నాలుగుదినములు తిప్పలు పెట్టెను. మాది సికింద్రాబాదు మెట్టుగూడ. మామగారు దక్షిణ మధ్య రైల్వేలో ఇంజను డ్రైవరుగా పనిచేసి కాలము చేసిరి. అత్తగారికి కుటుంబ పింఛను వచ్చుచున్నది. పింఛనుదారులు ఏటేట నవంబరులో తాము జీవించియున్నట్లు ధ్రువపత్రము దాఖలు చేయవలెను. లేనిచో పింఛను నిలిచిపోవును. 2014 నవంబరున ఏర్పడిన ‘జీవన్ ప్రమాణ్’ పద్ధతివలన, ఇంట నుండియే వేలిముద్ర వేసి యీ పని ముగించుకొనవచ్చును. మోకాళ్ళ నొప్పులతో బ్యాంకు మెట్లెక్కలేని మా అత్తగారికి ఇది గొప్ప యూరట.

వేలిముద్ర తీయు క్రొత్త పరికరము నొకదానిని కొని, కంప్యూటరునకు తగిలించి, దాని డ్రైవరును ఎక్కింపబోతిని. పని సగము దాటునప్పటికి తెర బిగిసిపోయెను. మౌసు కదలదు, గడియారము కదలదు, ఏ మీట నొక్కినను ఉలుకు లేదు, పలుకు లేదు. బలవంతముగా ఆపి మఱల మొదలిడినచో మఱల అచ్చటనే. ఇట్లు మూడుమార్లు జరిగెను.

అంతట వైద్యులు బయలుదేరిరి. పొరుగావిడ దసరానాడు ఆయుధపూజలో దానికి బొట్టు పెట్టనందున జరిగినదనెను. ఇంజనీరింగు చదివిన మా మఱిది, “ఉన్నదంతయు చెఱిపివేసి విండోసును క్రొత్తగా ఎక్కింపుడు” అనెను. పార్కులేనులో చెనాయ్ ట్రేడ్ సెంటరునకు పోయి విచారింపగా ఒక దుకాణమువాడును యంత్రమును చూడకయే ఆ మాటయే చెప్పెను. బొట్టు పెట్టుటకును, అంతయు చెఱుపుటకును నాకు భేదము తోపలేదు. రెండును కారణము నడుగవు. మొదటిదే మేలు, దానివలన మామగారి ఫొటోలు పోవు.

కారణ మడిగినది అత్తగారు. ఐదవ తరగతితో ఆమె చదువు మాన్పించిరి. యంత్రము పాడగునను వంకతో మేమెవ్వరమును ఆమెను దాని దాపునకు రానిచ్చినవారము కాము. స్త్రీవిద్యనుగూర్చి సభలలో మాటలాడు నేనుకూడ.

“అమ్మాయీ, డ్రైవరనగా నేమి?”

“ఆ పరికరము భాష యంత్రమునకు తెలియదు, అత్తయ్యగారూ. నడుమ నుండు దుబాసి.”

“దుబాసి తడబడినచో ఆ మాట యొక్కటే ఆగవలె. ఇల్లంతయు ఏల స్తంభించినది?”

నాకు జవాబు తోపలేదు. ఆ రాత్రి చదివి తెలిసికొంటిని. మనము వాడు సామాన్యమైన ప్రోగ్రాములు తమతమ హద్దులలో నడచును. ఒకటి చెడినను తక్కినవి సాగును. డ్రైవర్లలో పెక్కు అట్లుగాక కెర్నెల్ అను కేంద్రభాగముననే చేరి పనిచేయును. ఉదయము ఇది చెప్పగా అత్తగారు వెంటనే, “పెట్టెలో ఎవడైన మూర్ఛపోయినచో బండి పోవుచునే యుండును. ఇంజనులో మీ మామగారు మూర్ఛపోయినచో పోవునా?” అనిరి. రాత్రియంతయు నేను చదివిన పుటలలో ఇంత తేటమాట కానరాలేదు.

పిదప ఆమె పాలలెక్క పుస్తకము తెచ్చి, ప్రతిమారును ఏది చేసినపిదప తెర నిలిచినదో వ్రాయసాగిరి. రెండవదినమున, “పరికరము తగిలింపకయే ఎక్కించి చూడుము” అనిరి. పని నిరాటంకముగా ముగిసెను! తగిలించినంతనే తెర బిగిసెను. దోషము ఎక్కించుటలో లేదు, ఆ రెండును కలిసికొను క్షణమున నున్నది. అప్పుడు జ్ఞప్తికి వచ్చినది: రెండేండ్లక్రిందట అదే సంస్థవారి పాత పరికరము మాకుండెడిది. పరికరము చెడిపోయినను దాని డ్రైవరు యంత్రములో మిగిలి, క్రొత్తదానిని తనదిగా భావించి పైకొనుచున్నది.

ముందుగా ఫొటోలను, కాగితములను వేఱొకచోట భద్రపఱచితిమి. పరికరమును ఊడదీసి, అత్యవసరమైన డ్రైవర్లతో మాత్రమే నడచు సేఫ్ మోడ్‌లో యంత్రమును తెఱచి, డివైస్ మేనేజరులో దాచియున్న పరికరములనుకూడ చూపుమని కోరగా పాతది కనబడెను. దానిని డ్రైవరుతోసహా తొలగించి, యంత్రమును మామూలుగా తెఱచి, క్రొత్త డ్రైవరు నెక్కించి, అటుపిమ్మట పరికరమును తగిలించితిమి. అత్తగారు బొటనవ్రేలు మోపిరి. ముద్ర పడెను.

2024 జూలై 19వ తేదీన క్రౌడ్‌స్ట్రైక్ అను సంస్థ పంపిన తప్పు ఫైలును దాని డ్రైవరు చదువబోయి కూలగా, లోకమంతట సుమారు 85 లక్షల విండోసు యంత్రములు నిలిచిపోయెను. శంషాబాదు విమానాశ్రయమున ప్రయాణికులకు చేతివ్రాత బోర్డింగు పాసు లిచ్చిరి. పెక్కుచోట్ల ఒక్కొక్క యంత్రమును సేఫ్ మోడ్‌లో తెఱచి ఆ ఫైలును తీసివేయవలసి వచ్చెను. ఆ వార్త విని అత్తగారు, “వారికిని ఇంజనులోనే” అని మఱల వత్తులు చేసికొనసాగిరి.

2021 నుండి ఫోనులో ముఖము చూపియే ధ్రువపత్రము పొందవచ్చును గనుక ఆ పరికరముతో ఇప్పుడు పని లేదు. పాలలెక్క పుస్తకముతో ఉన్నది. నవంబరు వచ్చినచో ఇరుగుపొరుగు పింఛనుదారులు మా వసారాకు వచ్చి కూర్చుందురు. ఎవరి పని ఎచ్చట ఆగినదో అత్తగారు అందులో వ్రాసికొందురు. మఱిది ఫోను చేసినప్పుడు, ఏమి చెఱుపవలెనని అడుగుటకు ముందు, ఆమె ఏమి వ్రాసినారని అడుగుచున్నాడు.