ఏ తలుపు గట్టిది?

క్రిందటి శ్రావణమాసమున మా వదినగారు తెనాలినుండి మా యింటికి వచ్చిరి. వచ్చినది మొదలు ఆమె ముఖమున కళ లేదు. వంటయింట బెండకాయలు తరుగుచు మాతో నాలుగు మాటలైనను ఆడలేదు. మూడవనాటి రాత్రి పిల్లలు నిద్రించిన పిదప, "అమ్మాయీ, తమ్మునితో మాత్రము చెప్పకు" అని కొంగుతో కన్నులొత్తుకొని సంగతి బయటపెట్టిరి.

ఎరిగినవారి నంబరునుండియే ఆమె సెల్‌ఫోనునకు పెండ్లి శుభలేఖ యని యొక ఫైలు వచ్చినదట. శ్రావణము పెండ్లిండ్ల మాసము గదా, ఎవరి పిలుపో యని దానిని తాకిరి. ఫోను రెండు మూడు ప్రశ్నలు వేసినది. అన్నిటికిని సరే యని నొక్కిరి. శుభలేఖ కనబడలేదు. మరునాటి యుదయమునకు మనుమరాలి కాలేజీ ఫీజునకై దాచిన 42,000 రూపాయలు బ్యాంకు ఖాతాలో లేవు. తమ్ముడు మందలించునని, కోడలు నవ్వునని, అయిదు దినములు ఎవరికిని చెప్పక తమలో తామే కుమిలిపోయిరి.

మరునాడు ఆమెను ఒప్పించి మేమే మావారితో చెప్పితిమి. ఆ సాయంకాలము మా యింట పెద్ద చర్చ జరిగినది. "అత్తయ్యకు ఐఫోను కొని యిచ్చియుండిన ఈ బాధ లేకపోవును" అని మా అబ్బాయి. "కంప్యూటరులో లినక్సు వేసికొని బ్యాంకుపనులు దానిమీదనే చేసికొనవలెను" అని మా మరిది. "విండోసునకు మాత్రమేమి లోపము? పదునైదేండ్లనుండి వాడుచున్నాను" అని మావారు. ముగ్గురును గట్టిగానే వాదించిరి. సొమ్ము పోగొట్టుకొన్న వదినగారిని మాత్రము ఎవరును ఒక్క ప్రశ్నయు అడుగలేదు. ఆమె గుమ్మము ప్రక్కన కూర్చుండి వినుచుండిరి. అప్పుడే మాకు ఈ విషయము నేర్చుకొనవలెనను పట్టుదల కలిగినది. నేర్చుకొన్నంతవరకు సోదరీమణులకు విన్నవించుచున్నాము.

కంప్యూటరునకుగాని ఫోనునకుగాని లోపల నొక మూలవ్యవస్థ యుండును. దానిని ఆపరేటింగ్ సిస్టమ్ అందురు. ఇది యింటి పెద్దదిక్కువంటిది. ఎవరిని లోనికి రానీయవలెను, ఎవరికి ఏ గది తాళపుచెవి యీయవలెను, ఎవరు ఏ పెట్టె తెరువరాదు అనునవి నిర్ణయించునది ఇదియే. కావున ఏ వ్యవస్థ గట్టిదని యడుగుట, ఏ యింట తాళపుచెవులు ఏరీతిగా పంచుచున్నారని యడుగుటయే.

మొదట విండోసును చూతము. ఇండ్లలోను కార్యాలయములలోను గల కంప్యూటర్లలో హెచ్చుభాగము దీనితోనే నడచుచున్నవి. గనుకనే దొంగలకు దీనిపై మక్కువ. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్.పి.లో ఇంటివారు సామాన్యముగా పూర్తి అధికారముతోనే పనిచేయుచుండిరి. తాళపుచెవుల గుత్తి యంతయు వాకిట మేకునకు తగిలించినట్లుండెడిది. ఒకసారి లోనికి వచ్చిన దొంగకు మరియొక తాళము తీయు శ్రమ లేదు. 2007 జనవరిలో అంగళ్లకు వచ్చిన విస్టానుండి ముఖ్యమైన మార్పులకు ముందు యంత్రము ఆగి యజమానిని అడుగసాగినది. నేటి విండోసులో డిఫెండర్ అను కాపలాదారుకూడ గలడు.

అయినను 2017 మే 12వ తేదీన వానాక్రై యను పురుగు లోకమంతట వ్యాపించి, ఫైళ్లకు తాళము వేసి, విడిపించుటకు సొమ్మడిగినది. బ్రిటను దేశమున ఆసుపత్రుల పనులు నిలిచిపోయినవి. మన ఆంధ్రప్రదేశమున కొన్ని పోలీసు కార్యాలయముల కంప్యూటర్లకును అది తగిలినది. వింతయేమనగా, ఆ పురుగు దూరిన కంతను పూడ్చు అప్‌డేటును మైక్రోసాఫ్టువారు మార్చి 14వ తేదీననే యిచ్చియుండిరి. రెండునెలలు దానిని వేసికొనక కాలక్షేపము చేసినవారే హెచ్చుగా చెడిరి. ఈ సంగతి చదివిన దినముననే మావారి కంప్యూటరు తెరచి చూచితిమి. అది విండోస్ 10. దానికి సాధారణ రక్షణ 2025 అక్టోబరు 14తో ముగిసినది. పదునైదేండ్ల అనుభవమును యంత్రము లెక్కపెట్టదని మావారును ఒప్పుకొనిరి.

ఇక ఆపిల్‌వారి మ్యాక్. దీనికి పురుగులు పట్టవని చాలకాలము లోకమున నమ్మకముండెను. 2012లో ఫ్లాష్‌బ్యాక్ అనునది సుమారు ఆరు లక్షల మ్యాక్ యంత్రములను పట్టినది. జావా యను కార్యక్రమములోని కంతకు ఫిబ్రవరిలోనే మందు సిద్ధమైనను, అది మ్యాక్ వాడువారికి అందుసరికి ఏప్రిల్ వచ్చినది. ఆ యేడాదియే, ఎవరు చేసినదో తెలియని సామానును ఆపి ప్రశ్నించు గేట్‌కీపర్ అను ద్వారపాలకుని ఆపిల్‌వారు పెట్టిరి. మా యింటికి దొంగలు రారను ధీమా తలుపునకు గడియ కాదు.

మా మరిది మెచ్చు లినక్సును 1991లో ఫిన్లాండులో విద్యార్థిగానున్న లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించెను. ఇందు నిత్యము పనిచేయువారు వేరు, రూట్ అను సర్వాధికారి వేరు. కావలసిన సామగ్రి యంతయు సాధారణముగా నమ్మకమైన ఒకే కొట్టునుండి తెచ్చుకొందురు. దాని మూలరచన ఎవరైనను చదివి తప్పులు పట్టవచ్చును. ఇవి నిజమైన బలములే. అయినను 2024 మార్చిలో, ఫైళ్లను కుదించు ఎక్స్.జెడ్. అను చిన్న పనిముట్టున దొడ్డిదారి యొకటి బయటపడినది. రెండేండ్లకు పైగా నమ్మకముగా సాయపడినట్లు నటించినవారే దానిని పెట్టిరి. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు, యంత్రములోనికి ప్రవేశించుటకు అర సెకను హెచ్చుగా పట్టుచున్నదేమని ఆరాతీసి దానిని పట్టుకొనెను. పప్పు రోజుకంటె ఆలస్యముగా ఉడికిన, పొయ్యిని చూచుకొను ఇల్లాలి బుద్ధియే అది. అందరికి కనబడు ఇల్లైనను చూచువారు ఉన్నప్పుడే క్షేమము.

మనలో అనేకులకు కంప్యూటరు ఫోనే గదా. ఆండ్రాయిడునకు పునాది లినక్సే. ప్రతి యాప్‌ను వేరు గదిలో నుంచి, పొరుగు గదిలోనికి తొంగిచూడనీయదు. ఫొటోలుగాని మెసేజీలుగాని చూడవలెనన్న మనలను అడుగవలసినదే. కాని సొంత కొట్టునుండియేగాక వెలుపలినుండికూడ యాప్‌ను దింపుకొనుటకు, మనము సరేయన్నచో, దారి యిచ్చును. పైగా అప్‌డేట్లు పంపవలసినవారు ఫోను చేసిన కంపెనీవారు. కొందరు చాలయేండ్లు పంపుదురు, కొందరు త్వరలో చేతులెత్తుదురు. ఐఫోను మన దేశమున సామాన్యులకు ఆపిల్‌వారి కొట్టునుండి తప్ప యాప్‌లను రానీయదు. అప్‌డేటు ఒకేసారి అందరికి వచ్చును. దానినికూడ ఛేదించు పెగసస్ వంటి గూఢచారి పనిముట్లున్నవని 2016లో బయటపడినది. కాని అవి మిక్కిలి ఖరీదైనవి, ఎంచుకొన్న వ్యక్తులపై ప్రయోగించునవి.

ఇంతవరకు నేర్చి మా వదినగారి ఫోనును చేతబట్టితిమి. వచ్చినది శుభలేఖ కాదు, చివర ఏ.పి.కె. అను తోకగల యాప్. ఫోను తన ధర్మము తాను నెరవేర్చినది. ఇది తెలియని తావునుండి వచ్చినదని హెచ్చరించినది. మెసేజీలు చదువనీయవచ్చునా యని మరల అడిగినది. సరే యనగానే, బ్యాంకు పంపిన ఓ.టి.పి. ఆమెకంటె ముందు దొంగ చేతికి చేరినది. మా అబ్బాయి మాటలో సత్యము లేకపోలేదు. ఐఫోనున ఆ ఫైలు పనిచేసియుండదు.

"ఇన్నిసార్లు అడిగినది గదా వదినగారూ, ఏల సరే యంటిరి?" అని మెల్లగా అడిగితిమి.

"అడిగినది నిజమే అమ్మాయీ. ఇంగ్లీషులో అడిగినది. నాకేమి తెలియును?" అనిరి.

ఆ మాట మా గుండెకు తగిలినది. ఫోను కొనియిచ్చిన కొడుకుగాని, నేర్పితిమనుకొన్న మేముగాని, దానిని తెలుగులో మాటలాడునట్లు చేయలేదు. సెట్టింగులలో భాష మార్చుటకు రెండు నిమిషములు పట్టినది. తెలియని చోటనుండి యాప్‌లు దింపు అనుమతిని మూసివేసితిమి. అప్‌డేటు వచ్చిన రాత్రియే వేయవలెనని చెప్పితిమి. ఫోను ఏదేని అడిగినచో చదివి అర్థమైననే సరే యనవలెను, కానిచో వద్దు అనవలెను అని చెప్పితిమి.

సొమ్ము మాత్రము తిరిగి రాలేదు. ఇట్టి మోసము జరిగినవెంటనే 1930 అను నంబరునకు ఫోను చేసినచో, సొమ్ము చేరిన ఖాతాను స్తంభింపజేయుటకు అవకాశముండును. గంటలు గడచినకొలది అది చేతులు మారిపోవును. మేము ఫిర్యాదు చేయునప్పటికి వారము దాటినది. విండోసున కంత యుండవచ్చును, లినక్సున కంత యుండవచ్చును. మా యింట పెద్ద కంత ఆ వారముదినముల మౌనమే. చీవాట్లు పడునను భయము ఏ అప్‌డేటుతోను పూడదు.

కావున సోదరీమణులారా, ఖరీదైన ఫోను కొనగలవారు కొనుడు. కొనలేనివారు ఉన్నదానినే చక్కపెట్టుకొనుడు. మీ యింట పెద్దవారెవరైన మోసపోయినచో, ముందు 1930నకు ఫోను చేయుడు; మందలింపు తరువాత చూచుకొనవచ్చును, అసలు లేకున్నను మేలే.

మొన్న విజయదశమినాడు వదినగారు ఫోను చేసిరి. కరెంటు బిల్లు కట్టలేదని, ఈ యాప్ వేసికొనుమని ఎవరో ఫైలు పంపిరట. "తెలియని యాప్ అని తెలుగులో వ్రాసియున్నది, వద్దు అని నొక్కితిని. నీ తమ్మునికి చెప్పు అని నా కోడలే అన్నది" అనిరి. ఆ కబురు మావారికి మేము చెప్పలేదు. ఫోను ఆయనకే యిచ్చితిమి.