తిరుగు లోడు

బెజవాడ వెళ్ళివచ్చినవారిని ఏమి చూశారని అడిగితే కనకదుర్గమ్మ కొండ అంటారు, ప్రకాశం బారేజి అంటారు, కాస్త తీరిక చిక్కినవారైతే ఉండవల్లి గుహలు కూడా అంటారు. ఆటోనగరు చూసి వచ్చామని చెప్పినవారు నాకు ఇంతవరకు తగలలేదు. నేను మటుకు మొన్న వేసవి సెలవుల్లో ఒక పగలంతా అక్కడే గడిపాను.

నన్ను తీసుకువెళ్ళినవాడు నా పూర్వ విద్యార్థి. ఇంటర్మీడియెట్‌లో వెనక బల్లమీద కూర్చుని ఛందస్సు గంటలో నిద్రపోతూ ఉండేవాడు. ఇప్పుడు పది టైర్ల లారీకి యజమాని. డ్రైవరూ తానే.

"గురువూ లఘువూ నాకు పట్టుబడలేదు గాని, కిలోమీటరు లెక్క బాగా వచ్చింది. వచ్చి చూడండి మాస్టారూ" అన్నాడు.

పటమట దాటి ఆటోనగరులో అడుగు పెట్టేసరికి నా చెవులు దిమ్మెక్కాయి. ఒక వీధిలో కమాను కట్టలను సుత్తులతో సాగగొడుతున్నారు. ఇంకొక వీధిలో లారీలకు బాడీలు కడుతున్నారు. మరొకచోట పెయింటరు ఒకాయన లారీ వెనక తలుపుమీద తామరపువ్వు దిద్దుతున్నాడు, లోకంతో పని లేనట్లు. చెన్నై–కోల్‌కతా రహదారీ, హైదరాబాదు–బందరు రహదారీ ఈ ఊళ్ళోనే కలుస్తాయి కదా! ఆ రెండు దారుల బరువూ ఇక్కడికి వచ్చి పడుతుంది.

మావాడు తిన్నగా ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకు తీసుకుపోయాడు. ఆఫీసంటే చిన్న గది, ఒక బల్ల, నాలుగు కుర్చీలు, వెంకటేశ్వరస్వామి క్యాలెండరు. బల్ల వెనక ఉన్న పెద్దమనిషి లోడ్ల బ్రోకరు. ఆయన రెండు సెల్‌ఫోన్లలో మార్చి మార్చి మాట్లాడుతున్నాడు.

"మాస్టారు గారికి కుర్చీ వెయ్యండ్రా! ఏరా అబ్బాయ్, రాత్రే దిగావా?"

"తెల్లారి దిగాను బాబాయ్. ఏమున్నాయి లోడ్లు?"

మావాడికి ఏ కంపెనీతోనూ ఒప్పందం లేదు. ఏరోజు లోడు ఆరోజు వెతుక్కోవలసిందే. సరుకు ఎగుమతి అయ్యాక అడ్వాన్సు ఇస్తారు, దిగుమతి చేసి రసీదు తెస్తే బ్యాలెన్సు ఇస్తారు. రేట్లు ఫోనులో కూడా తెలుస్తాయి గదా, ఇంత దూరం రావడం ఎందుకని అడిగాను. "రేటు తెలుస్తుంది మాస్టారూ, మనిషి తెలియడు" అన్నాడు.

మొదట వచ్చింది హైదరాబాదు లోడు. టన్నుకు 900 రూపాయలు. "ఇరవైయొక్క టన్నులు వేసుకో, అందరూ వేసుకుంటున్నారు" అన్నాడు బ్రోకరు. మావాడు నావైపు తిరిగి లెక్క చెప్పాడు. 2018లో కేంద్రం బరువుల హద్దు పెంచిన తరువాత మూడు ఇరుసుల లారీ సరుకుతో కలిపి 28.5 టన్నులు తూగవచ్చును. అతని లారీ ఒట్టి బరువే పదిన్నర టన్నులు. కనుక సరుకు 18 టన్నులే. ఆపైన మూడు టన్నులు ఎక్కిస్తే వచ్చేది 2,700 రూపాయలు. పట్టుబడితే, 2019లో సవరించిన చట్టం ప్రకారం 20,000 జుల్మానా, అదనపు టన్నుకు 2,000 చొప్పున మరో 6,000.

"ఇరవైయారు వేలకు రెండువేల ఏడువందలు! ఈ బేరం మీ ఛందస్సు కంటే కష్టం కాదు గదా!" అన్నాడు. నేను నవ్వి ఊరుకున్నాను.

రెండోది చేపల లోడు. కైకలూరులో సాయంత్రం ఎక్కించుకుని, ఎల్లుండి తెల్లవారేసరికి హౌరా మార్కెట్టులో దించాలి. కిరాయి హైదరాబాదు లోడుకు నాలుగింతల పైన. అడ్వాన్సు వెంటనే చేతికి వస్తుంది. ఆలస్యమైతే మటుకు కిరాయిలో కోత.

మావాడు చాలాసేపు మాట్లాడలేదు. నాలుగు రోజుల్లో, ఐదో తారీకున ఫైనాన్సువారి కిస్తీ ఉన్నదని దారిలో నాతో చెప్పాడు. తల్లి పేర ఉన్న ఎకరం తాకట్టు పెట్టి ఆ లారీకి మొదటి సొమ్ము కట్టాడు.

"పన్నెండువందల కిలోమీటర్లు మాస్టారూ. గంటకు నలభై చొప్పున పోయినా ముప్పైగంటలు స్టీరింగు మీదే. వాళ్ళిచ్చింది ముప్పయ్యారు. మిగిలిన ఆరుగంటల్లోనే టీ, భోజనం, టోలుగేట్లు, పంచరు పడితే పంచరు. నిద్ర ఎక్కడుంది?"

మోటారు రవాణా కార్మికుల చట్టం 1961లోనే వచ్చింది. రోజుకు ఎనిమిది గంటల పని అని అందులో రాశారు. అయితే స్వంత లారీ నడుపుకునేవాడికి యజమానీ తానే, కార్మికుడూ తానే. ఇక ఎవరి మీద ఎవరు ఫిర్యాదు చేసుకోవాలి?

అతను నన్ను బయటికి తీసుకువచ్చి ఎదురుషెడ్డు చూపించాడు. అక్కడొక లారీ క్యాబిను అప్పడంలా నలిగి ఉన్నది. "మా స్నేహితుడిది. చేపల లోడే. తెల్లవారుజామున, ఆగి ఉన్న ట్రెయిలరును గుద్దాడు. బతికాడు గాని, కాలు పోయింది."

లోపలికి వచ్చి, "వద్దు బాబాయ్" అన్నాడు. బ్రోకరు మారు మాట్లాడకుండా ఆ లోడు ఇంకొకరికి ఫోనులో చెప్పాడు. రెండు నిమిషాల్లో అది వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక చెన్నై లోడు వచ్చింది. గుడివాడ మిల్లు బియ్యం, టన్నుకు 1,200. పద్ధెనిమిది టన్నులకు 21,600 రూపాయలు. మావాడు కిరాయి పెంచమని ఒక్కసారే అడిగి వదిలేశాడు. గట్టిగా పట్టుబట్టినవి వేరే రెండు సంగతులు: దిగుమతి ఒకరోజు దాటితే హాల్టింగు ఇస్తామని కాగితం మీద రాయాలి, చెన్నైలో తిరుగు లోడు ఇప్పుడే ఖాయం చేయాలి.

కారణం అడిగితే లెక్క చెప్పాడు. 450 కిలోమీటర్లకు డీజిలు పదకొండువేల పైచిలుకు. టోలు, కమీషను, మామూళ్ళు, తిండి పోగా చేతిలో మిగిలేది ఐదువేలు. ఖాళీగా తిరిగివస్తే ఆ డీజిలుకే తొమ్మిదివేలు. "వెళ్ళేటప్పటి కిరాయి అందరూ చూస్తారు మాస్టారూ. తిరిగివచ్చే దారి చూసుకున్నవాడికే లారీ మిగులుతుంది."

బ్రోకరు గొణుగుతూనే చెన్నైకి ఫోను చేశాడు. ఆ తరువాత కాగితమూ రాశాడు. నా పాఠాలన్నిటిలో బేరమంటే ధర తగ్గించడమో పెంచడమో అనే చెప్పాను. ఇతను బేరమాడింది రూపాయల కోసం కాదు, రోజుల కోసం.

"మరి కిస్తీ?" అన్నాను బయటికి వచ్చాక.

"పదో తారీకున కడతాను. ఐదురోజుల అపరాధవడ్డీ పడుతుంది. దాన్ని నిద్ర ఖర్చు కింద రాసుకుంటాను."

బియ్యం ఎగుమతి మరునాటి ఉదయం. నా బస్సుకు ఇంకా రెండుగంటల వ్యవధి ఉన్నది. మావాడు చెట్టునీడన లారీ ఆపి, క్యాబినులో నడుము వాల్చి, మాట మధ్యలోనే గుర్రుపెట్టాడు. తరగతిలో అతను నిద్రపోతే సుద్దముక్క విసిరి లేపేవాణ్ణి. ఆ సాయంత్రం అతని సెల్‌ఫోను రెండుసార్లు మోగబోతే, నేనే తీసి నొక్కేశాను.