గడువు తీరిన కంప్యూటరు

ఎద్దు ముదిసినచో దున్నలేదు, బండి ముదిసినచో ఇరుసు విరుగును. చూచినంతనే రైతునకు తెలియును. కంప్యూటరు ముదిమి యట్టిది కాదు. మీటలు చక్కగా పలుకుచుండగనే, తెర వెలుగుచుండగనే, దాని యాయువు తీరినదని సముద్రముల కావల నొక తేదీ నిర్ణయింపబడును. విండోస్ 10 అను ఆపరేటింగ్ సిస్టమునకు అట్టి తేదీ 2025 అక్టోబరు 14. 2015 జూలై మాసమున వెలువడిన ఆ వ్యవస్థకు మైక్రోసాఫ్టు కంపెనీవారు పదియేండ్లకు పైగా మరమ్మతులు పంపి, ఆ దినముతో సాధారణ సంరక్షణమును ముగించిరి. మరునాటి యుదయమున మంచిర్యాలలో ఏ లాప్‌టాపును ఆగిపోలేదు. మా యింటిదియు యథాప్రకారము తెరచుకొన్నది. కావుననే ఈ విషయము పలువురకు పట్టలేదు.

సంరక్షణమనగా నేమో ముందు చెప్పవలసియున్నది. ఆపరేటింగ్ సిస్టమనునది కోట్లకొలది పంక్తులతో వ్రాయబడిన యొక పెద్ద గ్రంథము. అంత గ్రంథమున తప్పులుండక మానవు. వానిలో కొన్ని దొంగలు దూరుటకు వీలైన కంతలు. ఎవరైన నొక కంతను కనుగొనినప్పుడెల్ల దానిని మూయు మరమ్మతును వ్రాసి, నెలకొకసారి రెండవ మంగళవారమున కంపెనీవారు లోకమునకు పంపుదురు. గడువు తీరిన పిదప కంతలు బయటపడుట మానవు. మూయువారు మాత్రము రారు.

మా లాప్‌టాపు 2015లో కొన్నది. బాపు శ్రీరాంపూర్ గనులలో పనిచేయుచుండిన కాలమున, దసరాకు ముందు కార్మికులకు పంచిన లాభముల వాటా సొమ్ముతో, బెల్లంపల్లి పాలిటెక్నిక్‌లో చదువుచుండిన మా చెల్లెలి కొరకు దానిని తెచ్చిరి. చెల్లెలు చదువు ముగించి, పెండ్లియై గోదావరిఖని చేరినది. బాపు 2017లో పదవీ విరమణ చేసిన పిదప యంత్రము వారి చేతికి వచ్చినది. రైల్వేస్టేషను దారిలో నుండిన యొక డి.టి.పి. దుకాణమున కూర్చుండి, అరువదియేండ్ల వయస్సున వారు తెలుగు టైపు నేర్చుకొనిరి. నేర్చి యేమి చేసిరనగా, 1982లో కోల్ ఫిల్లరుగా బాయిలో దిగిన నాటినుండి 35 ఏండ్ల పనిని వ్రాయ మొదలిడిరి. (బాయి యనగా మావైపున బొగ్గుగని.) తట్ట, బొగ్గు నెత్తు చెమ్మస్, టబ్బు, ట్రామరు, హాలేజి తాడు, మొదటి షిఫ్టు సైరను, వానలో గని నీరు తోడుట, ఇట్టివి సుమారు 180 పుటలు.

ఆ పుటలకు విలువ యేమని చదువరులడుగవచ్చును. సింగరేణి సంస్థలో 1990 ప్రాంతమున లక్షకు పైగా నుండిన కార్మికులు నేడు నలుబదివేల దగ్గరకు తగ్గిరి. చేతితో బొగ్గు నింపిన తరము వెడలిపోవుచున్నది; వారితో వారి మాటలును వెడలిపోవుచున్నవి. చెమ్మస్ పట్టినవాడు దానిని గూర్చి తానే వ్రాసినది మా యెరుకలో మిక్కిలి తక్కువ. కావున మా యింట కంప్యూటరు కన్న కంప్యూటరులోనిది ముఖ్యమైనది.

అక్టోబరు మాసమున తెరపై నొక ప్రకటన కనబడసాగెను. సపోర్టు ముగిసినదని దాని సారాంశము. అందరును చదివి దానిని మూసివేయుచుందురు. బాపు మూయలేదు. “సపోర్టు లేని కప్పు కింద నిలవడద్దు బిడ్డా” అనిరి.

గని యెరుగనివారికి ఈ మాట చమత్కారముగా తోచునేమో గాని, వారు చమత్కరింపలేదు. భూగర్భమున బొగ్గును త్రవ్వునపుడు పైకప్పు నిలుచుటకై నడుమ నడుమ బొగ్గు స్తంభములను విడుతురు. తుదకు ఆ స్తంభములను కూడ తీసి, ఊతముగా నిలిపిన కొయ్యలను, దిమ్మెలను తొలగించుచు వెనుకకు వత్తురు. వెనుక మిగిలిన ఖాళీ చోటును గోఫ్ అందురు. కప్పు వెంటనే కూలదు. ఒక్కొక్కప్పుడు దినములకొలది చెక్కుచెదరక నిలిచియుండును. నిలిచియున్నదికదా యను ధైర్యముతో లోనికి పోవువానికే చేటు వచ్చును. కంప్యూటరు విషయమునను ఇట్లే జరిగిన సంగతి కలదు. 2017 మే మాసమున వానాక్రై అను దుష్ట ప్రోగ్రాము ప్రపంచమున రెండులక్షలకు పైగా కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళమువేసి, తీయుటకు సొమ్ము అడిగినది. ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖ కంప్యూటర్లు కొన్ని కూడ అందు చిక్కెను. ఆ కంతను మూయు మరమ్మతు మార్చి మాసముననే వెలువడియుండెను. దానిని వేసికొనని యంత్రములే దెబ్బతిన్నవి. 2014లోనే గడువు తీరిన విండోస్ ఎక్స్‌పీకి సయితము ఆ యాపదలో కంపెనీవారు ప్రత్యేకముగా నొక మరమ్మతు నిచ్చిరి. ప్రతి పర్యాయము ఇత్తురని యెవరును నమ్మియుండరాదు.

ఇక త్రోవలు చూడవలసివచ్చెను. కొత్త విండోస్ 11 మా యంత్రమున ఎక్కదు. ఇంటెల్ చిప్పు అయినచో ఎనిమిదవ తరమునకు తక్కువ కారాదు, టి.పి.ఎం. 2.0 అను భద్రతా భాగము ఉండవలెనని దాని నియమము. మాది అయిదవ తరమునది. ఆ నియమమును తప్పించి యెక్కింతునని బజారులో నొక కుర్రవాడు చెప్పెను. ఎక్కించుట సాధ్యమే. కాని యట్టి యంత్రమునకు ముందుముందు మరమ్మతులు వచ్చునను హామీ లేదు. హామీ లేనప్పుడు ఈ శ్రమ యెందులకు? ఇంటి వాడుకదారులకు 2026 అక్టోబరు 13 వరకు పొడిగింపు నొకదానిని ప్రకటించిరి. అది వాయిదాయే గాని పరిష్కారము కాదు. కొత్తది కొనవలెనన్నచో ముప్పది అయిదువేలు. బాపు పింఛను నెరిగినవారము గనుక ఆ మాట ఇంట ఎత్తనే లేదు. మిగిలినది లినక్సు.

దానికి ముందు యంత్రమును విప్పితిమి. మంచిర్యాలలో కంప్యూటర్లకు శత్రువు వయస్సు కాదు, దుమ్ము. బొగ్గు లారీలు లేపిన నల్లపొడియు, రోడ్డు మట్టియు కలిసి, లోపలి పంకా రెక్కల వెనుక కంబళి ముక్కవలె పేరుకొనియుండెను. మే మాసమున 45 డిగ్రీల యెండలో అది యెట్లు ఊపిరి పీల్చినదో! మెత్తని కుంచెతో తుడిచి, చిప్పుపై ఎండిపోయిన పేస్టును గీకి కొత్తది పూసితిమి. బాటరీ నడుమ నొకింత ఉబ్బియుండుట చూచి దానిని వెంటనే తొలగించితిమి. ఉబ్బిన బాటరీని నొక్కుట, గ్రుచ్చుట అగ్గితో ఆటలాడుటయే. నిమిషమునకు 5,400 మారులు తిరుగు పళ్లెములు గల పాత హార్డుడిస్కును తీసి, కదలు భాగములేవియు లేని ఎస్.ఎస్.డి.ని పెట్టితిమి. 4 జి.బి. జ్ఞాపకశక్తిని 8కి పెంచితిమి. కొత్త బాటరీతో కలిసి సుమారు అయిదువేల రూపాయలు. ముదిసిన లాప్‌టాపునకు ఎస్.ఎస్.డి.ని మించిన మందు లేదని మా నిశ్చయము.

పాత డిస్కును మేము చెరపలేదు. ఒక పెట్టెలో అమర్చి, దానిలోని ఫైళ్లన్నిటికి మరియొక ప్రతి తీసి గోదావరిఖనికి, చెల్లెలి యింటికి పంపితిమి. ఒకే యింట రెండు ప్రతులుండుట ఒక ప్రతి యుండుటతో సమానము. నడుమ గోదావరి యున్నది గనుక మాకు నిశ్చింత.

లినక్సు కథ పాతదే. 1991లో ఫిన్లాండు దేశపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ దాని మూలమును వ్రాసి లోకమున కిచ్చెను. అంతకుముందే, 1983లో, రిచర్డ్ స్టాల్‌మన్ స్వేచ్ఛా సాఫ్టువేరు నుద్యమముగా ప్రారంభించియుండెను. మన తెలుగునాట 2005 నుండి స్వేచ్ఛ అను సంస్థ హైదరాబాదు కేంద్రముగా ఈ పని చేయుచు, తెలుగులోనే పలుకు ఆపరేటింగ్ సిస్టమును, పిల్లలకు బాల స్వేచ్ఛను కూర్చినది. మేము ఎన్నుకొన్నది లినక్సు మింటు 22, అందులో తేలికయైన ఎక్స్‌ఎఫ్‌సీఈ రూపము. దీనికిని 2029 వరకే మరమ్మతులు. కాని తరువాతి రూపమును సొమ్ము లేకయే యెక్కించుకొనవచ్చును. మొదట దానిని పెన్‌డ్రైవునుండియే నడిపి, వైఫై, శబ్దము, కెమెరా, ప్రింటరు పలుకుచున్నవో లేదో రెండు దినములు పరీక్షించితిమి. ఇట్లు ఎక్కింపక ముందే రుచి చూచుట కవకాశమున్నది. ఎవరును దీనిని విడువరాదు. అన్నియు పలికెను. ఎక్కించుటకు అరగంట పట్టలేదు.

అసలు చిక్కు అక్షరములతో వచ్చినది.

తెలుగునకు యూనికోడులో 1991 నుండియే స్థానము కలదు. ప్రతి యక్షరమునకు ప్రపంచమంతట నొకే సంఖ్య. కాని మన అచ్చుకూర్పు దుకాణములు చిరకాలము వేరు పద్ధతిలో నడచినవి, నేటికిని కొన్ని నడచుచున్నవి. ఆ ఫాంటులలో ఇంగ్లీషు అక్షరముల సంఖ్యలపైనే తెలుగు రూపముల ముక్కలను కూర్చుదురు. ఘకారము ఒక ముక్కకు తోక తగిలించినచో వచ్చును. వత్తులు, గుడులు వేరువేరు ముక్కలు. ఫాంటు ఉన్నంతకాలము పుట ముచ్చటగా కనబడును. ఫాంటు లేనిచోట అదే పుట పిచ్చి గీతలు. పైగా ఫాంటు ఉన్నను కంప్యూటరునకు అది తెలుగని తెలియదు: బాయి యను మాటను వెదకుమన్నచో 180 పుటలలో ఒక్కటియు దొరకదు.

బాపు వ్రాత అట్టి ఫాంటులోనిది. ఆ ఫాంటు ఫైలును పాత డిస్కునుండి తెచ్చి లినక్సులో నుంచగా పుటలు ఎప్పటివలె కనబడినవి. తరువాత మార్పిడి ప్రోగ్రాముతో యూనికోడునకు మార్చితిమి. నూటికి తొంబది మాటలు సరిగా వచ్చెను; మిగిలినవి సిగ్గుపడవలసినట్లు వచ్చెను. రాష్ట్రము, స్త్రీ వంటి రెండు వత్తుల మాటలు విరిగిపోయెను. కావున సాయంకాలమున మేము తెరపై చదువుదుము, బాపు కాగితపు ప్రతిని పట్టుకొని సరిచూతురు. దినమునకు మూడు నాలుగు పుటలు. సి.పి. బ్రౌను దొర పందొమ్మిదవ శతాబ్దమున తాటాకు గ్రంథములను సేకరించి, పండితులచే శుద్ధప్రతులు వ్రాయించిన సంగతి చదువరులెరుగుదురు. ఆ పండితుల విసుగు ఎట్టిదో మాకిప్పుడు కొంత బోధపడినది. పోతన, లోహిత్ వంటి యూనికోడు ఫాంటులు లినక్సునను చక్కగా పలుకును. బాపు ఇన్‌స్క్రిప్టు మీటలు నేర్చుకొనుటకు మూడువారములు పట్టెను. మొదటివారము మాతో మాటలాడలేదు.

మొదటి పండ్రెండు పుటలు మాత్రము మరియొక రకము. వారు టైపు నేర్చుకొనుచుండగా దుకాణముననే కొట్టినవి. ఆ ఫాంటు వేరు. దుకాణము మూతపడినది. పాత డిస్కులోను ఆ ఫాంటు లేదు, కాగితపు ప్రతియు లేదు. అందున్నది 1982లో బాపుతో మొదటి షిఫ్టులో దిగినవారి పేర్లు, ఊర్లు. మార్పిడి ప్రోగ్రామునకు ఆ సంఖ్యలు తెలియవు. ఇక మేమే లిపిని విప్ప పూనుకొంటిమి. బాయి, తట్ట, షిఫ్టు అను మాటలు మాటిమాటికి వచ్చునని తెలియును గనుక, తరచుగా వచ్చు గుర్తుల గుంపులను వానితో పోల్చి, ఏ గుర్తు ఏ ముక్కయో ఒక పట్టిక వ్రాసితిమి. తకారము దొరికినది, టవత్తు దొరికినది, తలకట్టు దొరికినది. నెలరోజులలో పదునొకండు పుటలు తెలుగైనవి. బాపు పేర్లు వినుచు, ఒక్కొక్కరు ఏ ఊరివారో, ఎవరు ఉన్నారో, ఎవరు పోయిరో చెప్పుచుండిరి. ఇరువదియారుగురిలో ఇప్పుడు తొమ్మండుగురు గలరు.

ఇప్పుడు లాప్‌టాపు ఉత్తరములు వ్రాయును, చెల్లెలి కుమారునకు పాఠములు చూపును, చదువరుల యంత్రములవలెనే వార్తలు చూపును. విండోస్ మీదనే నడచు కొన్ని ప్రోగ్రాములు దీనిపై నడువవు. డిజిటల్ సంతకముతో కూడిన పనులకు వేరొకరి యంత్రమును అడుగవలసివచ్చును. బాపు దీనిని గూర్చి చింతింపరు.

పండ్రెండవ పుటలో ఒక గుర్తు మిగిలినది. పండ్రెండు పుటలలోను అది ఒక్కసారియే వచ్చినది, ఒక మనిషి ఇంటిపేరు మొదట. ఝకారమో ఢకారమో మరియేదియో, పోల్చి చూచుటకు రెండవచోటు లేదు. ఆయనను బాపు పేరుతోనే పిలిచెడివారు, ఇంటిపేరు ఎన్నడు పలికి యెరుగరు. ఆ కుటుంబము నస్పూరు విడిచి మందమర్రి చేరినదని తెలిసినది. ఆదివారమున బాపు బస్సెక్కి పోయి అడిగి వచ్చెదరు.