ఒక్క జత తీగ మీద ఎన్ని మాటలో

 

పాలిసెట్ కౌన్సెలింగ్ దగ్గర పడితే చాలు, మన తమ్ముళ్లు అడిగేది ఒకటే: ఇన్‌స్ట్రుమెంటేషన్ అంటే ఏంది అన్నా, మీటర్లు రిపేర్ చేసుడా? మా హాస్టల్లో ఈ బ్రాంచి చదివేది నలుగురమే. నలుగురం కూసొని ఇది రాస్తున్నం. మా ఇండ్లల్ల కాలేజీ మెట్లెక్కింది మేమే మొదలు కాబట్టి మాకు ముందుగా చెప్పినోళ్లు ఎవరూ లేరు. బ్రాంచి మొత్తం చెప్పాలంటే ఇక్కడ సరిపోదు. ట్రైనింగ్‌లో మా మనసుకు బాగా పట్టిన ఒక్క సంగతి చెప్తం. ప్లాంటులో పరికరాలు కంట్రోల్ రూముతో ఎట్ల మాట్లాడతయి అన్నది.

ముందు పాత పద్ధతి. బాయిలర్ దగ్గర ప్రెజర్ కొలిచే ట్రాన్స్‌మిటర్ ఉంటది. అది కొలతను కరెంటు రూపంలో పంపిస్తది. 4 మిల్లీ ఆంపియర్లు వస్తే కొలత సున్నా, 20 వస్తే ఫుల్. సున్నాకు సున్నా కరెంటే పెట్టొచ్చు కదా అంటే, తీగ తెగినా కరెంటు సున్నానే అయితది. అప్పుడు ప్రెజర్ పోయిందా, తీగ పోయిందా తెల్వది. అందుకే 4 దగ్గర మొదలు పెట్టిండ్రు. ఎవరికి తట్టిందో గానీ గట్టి ఆలోచన. చాలా ప్లాంట్లు ఇప్పటికీ దీని మీదనే నడుస్తున్నయి.

కాకపోతే ఒక జత తీగకు ఒక్క కొలతే. వంద ట్రాన్స్‌మిటర్లుంటే వంద జతలు. వాటికి ట్రేలు, జంక్షన్ బాక్సులు, కంట్రోల్ రూము వెనక బీరువాల్లాంటి ప్యానెళ్లు, ప్రతి తీగకు నంబరు. పైగా కరెంటు ఒక్క అంకె మాత్రమే చెప్తది. 0 నుంచి 10 బార్ రేంజికి 12 మిల్లీ ఆంపియర్లు వస్తే 5 బార్ అని తెలుస్తది, అంతే. లోపల సెన్సర్ బాగుందా, పైపులో మడ్డి పేరుకుందా అన్నది ఆ అంకెలో ఉండదు.

1979లో మాడ్‌బస్ వచ్చింది. ఆర్‌ఎస్-485 రకం జత తీగ మీద 32 పరికరాల దాకా పెట్టొచ్చు, వేగం తక్కువ పెట్టుకుంటే 1200 మీటర్ల దూరం పోతది. 1980లలో హార్ట్ వచ్చింది. మాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. పాత 4-20 కరెంటును కదిలించకుండా దాని మీదనే 1200, 2200 హెర్ట్జ్ సన్నటి అలలు ఎక్కిస్తరు. ఒకటి అంటే 1200, సున్నా అంటే 2200. డోలు మోగుతుంటే పక్కన పిల్లనగ్రోవి ఊదినట్టు, రెండూ వేరువేరుగా వినపడతయి. పాత తీగలు పీకే పనే లేదు. ఆ తర్వాత ఫౌండేషన్ ఫీల్డ్‌బస్, ప్రొఫీబస్ పీఏ. వీటిలో ఒకే జత మీద ఎన్నో పరికరాలు, వాటికి కావాల్సిన కరెంటు కూడా అదే తీగలో. వేగం సెకనుకు 31.25 కిలోబిట్లు. మన ఫోన్ల ముందు ఇది నత్తనడకే. అయినా ఒక కొలత పంపడానికి నాలుగు బైట్లు చాలు, రీల్స్ చూసేది కాదు కదా.

అసలు లాభం తీగ ఖర్చు మిగలడం అని పుస్తకంలో ఉంటది. మాకైతే అది రెండోది. మొదటిది, పరికరం తన బాధ తనే చెప్పుకోవడం. కంట్రోల్ వాల్వ్ 40 శాతం తెరువమంటే ఎంత తెరుచుకుంది, ఎక్కడ పట్టేస్తుంది అన్నది స్క్రీన్ మీదకే వస్తది. రేంజి మార్చాలన్నా పైకెక్కే పని లేదు.

ఈ పైకెక్కే సంగతి మాకు పుస్తకం సంగతి కాదు. మాలో ఒకరి బాబాయి ఒక ప్లాంటులో కాంట్రాక్టు హెల్పర్. గంటగంటకు మెట్లెక్కి గేజీలు చూసి లాగ్ షీటులో రాస్తడు. ఒక ఎండాకాలం స్టీమ్ లీకై ముంజేయి కాలింది. ఈ నెట్‌వర్క్ గురించి చెప్తే మొత్తం శ్రద్ధగా విన్నడు. విని, "మంచిదే బిడ్డా, మరి నన్ను ఉంచుతరా?" అన్నడు.

ఆ రాత్రి నలుగురం దీని గురించే వాదించుకున్నం. ఒకరు నెట్‌వర్కే వద్దన్నరు. మిగతా ముగ్గురం ఒప్పుకోలే. చేయి కాలే పనిని కాపాడుకునుడు ఏం కాపాడుకునుడు? కానీ ఆ పని పోయిన చోట కొత్త పని పుడుతున్నది. తీగ రెండు కొసలకు టెర్మినేటర్లు పెట్టాలె, షీల్డ్ ఎర్తింగ్ సరిగ్గా చూడాలె, వానాకాలం జంక్షన్ బాక్సులో తేమ చేరకుండ చూడాలె. ఒక సెగ్మెంటు తీగ తెగితే దాని మీదున్న పరికరాలన్నీ ఒక్కసారే మూగబోతయి, అందుకే ముఖ్యమైన కొలతలన్నీ ఒకే తీగ మీద పెట్టరు. 2010లో బయటపడ్డ స్టక్స్‌నెట్ వైరస్ కంట్రోలర్లలోకే దూరి ఇరాన్‌లో సెంట్రిఫ్యూజులను పాడుచేసింది, కాబట్టి కాపలా కూడా కావాలె. ఇవన్నీ మనుషులు చేసే పనులే. ఇప్పుడైతే మన గూడేల పక్కన ప్లాంట్లలో కేబుల్ మోసేది మనోళ్లు, ల్యాప్‌టాప్ తెరిచేది వేరేటోళ్లు. బాబాయికి ఆ పని నేర్పమని ఎవరిని అడగాలో మాకింకా తెలియలే. సూపర్‌వైజరును అడుగుతనని ఆయనే అన్నడు.

చేరాలనుకునే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఆదివారం పొద్దున మా కాలేజీ ల్యాబుకు రండి, సారు తాళం ఇస్తమన్నరు. యూఎస్‌బీ-485 కన్వర్టర్, రెండు టెంపరేచర్ సెన్సర్లు ఉన్నయి. రెండింటికీ ఒకే అడ్రస్ ఇచ్చి చూపిస్తం, ఇద్దరూ ఒకేసారి మాట్లాడితే స్క్రీన్ మీద ఏమైతదో చూడండి.