న్యూయార్కులో మన ఫణిగిరి!

అమెరికా అనగానే మన సినిమావాళ్లు చూపించేది లిబర్టీ బొమ్మ, దాని ముందు ఓ డ్యూయెట్టు! 2023 వేసవిలో న్యూజెర్సీలో మా బాబాయి కొడుకు ఇంట్లో రెండు నెలలు మకాం వేశాను. నాకు కనిపించిన వింతలు వేరు.

ముందు పొద్దు సంగతి. జూన్‌లో రాత్రి ఎనిమిదిన్నర దాకా వెలుగే! "బావగారూ, భోజనానికి రండి" అని మా మరదలు పిలిస్తే ఇంకా టీ వేళేననుకునేవాణ్ణి.

ఎడిసన్ అనే ఊళ్లో ఓక్ ట్రీ రోడ్డు ఎక్కితే కోదాడ సెంటర్లో దిగినట్టే. గోంగూర, పచ్చళ్లు, బిర్యానీ ఘుమఘుమలు! బియ్యం సంచీ భుజాన వేసుకున్న కుర్రాణ్ణి "ఏ ఊరు తమ్ముడూ?" అనడిగితే "మిర్యాలగూడ అన్నా" అన్నాడు. రైస్ మిల్లుల ఊరివాడు డాలర్లు పోసి బియ్యం కొంటున్నాడు!

సినిమా పిచ్చోళ్లు చూడాల్సింది డ్రైవ్-ఇన్. పేటెంటు పుచ్చుకుని మొదటి డ్రైవ్-ఇన్ తెరిచింది ఈ రాష్ట్రంలోనే, కామ్డెన్ దగ్గర, 1933 జూన్ 6న. మేం వైన్‌లాండ్‌లోని డెల్సీకి వెళ్లాం. కార్లోనే కూర్చుని, డైలాగులు కారు రేడియోలో వినాలి. చీకటి పడితేగాని బొమ్మ పడదు. అంతా బాగానే ఉంది గాని, అద్దాలెత్తిన కార్లో ఈల వేస్తే ఎవడికి వినపడుతుంది చెప్పండి?

అసలు ఆశ్చర్యం జూలై ఆఖర్న. న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో 'ట్రీ అండ్ సర్పెంట్' అని మన దేశపు బౌద్ధ శిల్పాల ప్రదర్శన పెట్టారు. టిక్కెట్టు 30 డాలర్లు, అంటే దాదాపు 2,500 రూపాయలు! లోపల ఓ సున్నపురాతి తోరణం ముందు జనం గుమిగూడారు. తొంగిచూస్తే పలక మీద 'ఫణిగిరి'!

సూర్యాపేటకు సుమారు 40 కిలోమీటర్లు. చిన్నప్పుడు ఆ గుట్టెక్కితే మాకు మేకలే ఎదురొచ్చేవి. ఈ శతాబ్దపు తవ్వకాల్లో దొరికిన ఇక్ష్వాకుల కాలపు రాయి అది. బుద్ధుడి జీవితంలోని ఘట్టాలు రీలు మీద బొమ్మల్లా వరసగా చెక్కారు. ఇక్కడ దాని మీద మెత్తటి దీపాలు, పక్కన కాపలావాడు. అక్కడ గుట్ట మీద ఎండ.

పక్కనున్న ముసలావిడ నేను ఆ ప్రాంతం వాణ్ణని తెలిసి వదల్లేదు. ఎక్కడ దిగాలి, ఏ బస్సెక్కాలి, గుట్ట దగ్గర బస ఉందా అని ఒకటే ప్రశ్నలు. విజయవాడ బస్సులు సూర్యాపేట హైవే మీద టీకి ఆగుతాయి గాని ఫణిగిరి వైపు తిరగవమ్మా, దిగి జనగామ రోడ్డు పట్టాలన్నాను. బస మాట దాటేశాను.

ఆవిడ పుస్తకం తీసి, "ఊరి పేరు మళ్లీ చెప్పు" అంది. ఒక్కో అక్షరం విడదీసి చెప్పాను: సూ-ర్యా-పే-ట.