వెలి, సమ్మె

ఒక దేశంమీద ఆర్థిక ఆంక్షలు విధించారన్న వార్త వచ్చినప్పుడల్లా వాటివల్ల ఫలితముంటుందా, ఉండదా అనే చర్చ సాగుతుంది. అంతకన్న ముందు తేల్చుకోవలసిన ప్రశ్న మరొకటి ఉన్నదని నాకు తోస్తుంది. ఆ ఆంక్షలను కోరిందెవరు?

ఇచ్చిపుచ్చుకోవడం ఆపివేసే పద్ధతులు మన పల్లెల్లో రెండున్నాయి, రెండూ నేనెరుగుదును. కూలీలు పని మానితే సమ్మె. కూలి పెంచమన్న పేటకు ఆసాములు పని లేకుండా చేసి, కొట్టులో ఉప్పు కూడా పుట్టనీయకపోతే వెలి. రెండింటా ఆకలి ఉన్నది. కాని సమ్మెలో పస్తును కూలివాడే ఎంచుకున్నాడు. వెలిలో దాన్ని అతనిమీద రుద్దారు.

1946లో, ఇంకా స్వాతంత్ర్యం రాని ఇండియా దక్షిణాఫ్రికాతో వర్తకం తెంచుకున్నది. అప్పటికి మన ఎగుమతుల్లో సుమారు 5 శాతం అక్కడికే పోయేవి. నేటాల్ చెరకు తోటలకు ఒప్పంద కూలీలుగా వెళ్లినవారిలో తెలుగువారూ ఉన్నారు; భారతీయుల భూమి హక్కులను కత్తిరించే చట్టం ఆ ఏడే వచ్చింది. 1959లో ఆల్బర్ట్ లుథూలీ తన దేశపు సరుకును కొనవద్దని ప్రపంచాన్ని కోరాడు. అందువల్ల ఆఫ్రికన్లకు కష్టం కలుగుతుందని ఎరిగే కోరాడు. నాటి నెల్లూరు జిల్లాలో పుట్టిన ఏనుగ శ్రీనివాసులురెడ్డి ఐక్యరాజ్యసమితి ఉద్యోగిగా ఆ కోర్కెకోసం దశాబ్దాలు పాటుపడ్డాడు. అది సమ్మె.

ఆ సమ్మెను బలవంతులు ఎట్లా ఆదరించారు? వర్తకం ఆపమని 1962లో సర్వప్రతినిధి సభ కోరింది. భద్రతామండలి ఆయుధాల అమ్మకాన్ని నిషేధించడానికే 1977 దాకా పట్టింది. సమగ్ర వర్తక నిషేధం ఏనాడూ రాలేదు. బ్రిటన్, అమెరికాల వీటోలు అడ్డం నిలిచాయి. చమురు చాటుమాటుగా, ఎక్కువ ధరకు చేరుతూనే ఉన్నది. 1985లో పాత అప్పులను తిరగరాయమని విదేశీ బ్యాంకులు మొండికేసినప్పుడు తెల్ల ప్రభుత్వానికి ఊపిరాడలేదు. ఆ బ్యాంకులను బెదరగొట్టినదీ నల్లవాడల తిరుగుబాటే.

ఇక ఇరాక్ సంగతి. కువైట్‌పై దాడి దురాక్రమణే, సందేహం లేదు. 1990 ఆగస్టు 2న ఆ దాడి జరిగితే 6వ తేదీకల్లా భద్రతామండలి ఇరాక్ వర్తకాన్నంతా నిషేధించింది. అక్కడ పదిహేనేళ్లు, ఇక్కడ నాలుగు రోజులు! కువైట్ విముక్తి అయినా ఆ నిషేధం 2003 దాకా నడిచింది. నీళ్లు శుద్ధిచేసే పరికరాలు సైతం ఆంక్షల సంఘం అనుమతికోసం ఆగిపోయేవి. బాగ్దాదులోని ముతనబ్బీ వీధిలో చదువుకున్నవారు తమ పుస్తకాలను నేలమీద పరచి అమ్ముకున్నారు. దొంగవర్తకపు లాభాలు మాత్రం పాలకుల ఇళ్లకే చేరాయి. జనం ప్రభుత్వపు రేషనుకు మరింత కట్టుబడిపోయారు. అక్కడి ఐక్యరాజ్యసమితి అధికారి డెనిస్ హాలిడే 1998లో రాజీనామా చేశాడు. ఇరాకీ తల్లుల సమ్మతిని ఎవరూ అడగలేదు. అది వెలి.

రెండుచోట్లా వర్తకం పూర్తిగా ఆగలేదు. దొడ్డిదారి పట్టింది, దళారులు బాగుపడ్డారు. కనుక ఆగిన ఓడలను లెక్కపెట్టి ఆంక్షల మంచిచెడ్డలు తేల్చలేము. పస్తుండేవాళ్లు ఎవరు, వాళ్లు దానికి ఒప్పుకున్నారా అని ముందు అడగాలి. అది అడగకుండా ఆంక్షలను మెచ్చుకునే కలం, తెలిసో తెలియకో, ఆసామి పక్షానే నిలుస్తుంది.